పసుపంటిన మూలలు

మూడో కార్డు కూడా మడత దగ్గరే పగిలింది.

పగలడమంటే రెండు ముక్కలవడం కాదు. మెరూన్ రంగు పైపొర సన్నగా చిట్లి, లోపలి తెల్లదనం దారప్పోగులా బయటికి కనిపించింది. పెళ్లికార్డు మీద తెల్లగీత ఉంటే ఎవరు తీసుకుంటారు? రూత్ దాన్ని ముందటి రెండింటి మీద పెట్టి, చేతిలోని స్టీలు చెంచా పక్కన పడేసింది. కామారెడ్డి బస్టాండు వెనక సందులో లక్ష్మీరాజం కార్డుల షాపు. ముందు గదిలో ఏసీ, మెత్తటి కుర్చీలు, గిరాకీలు. వెనక గదిలో రూత్, గమ్ డబ్బా, మడత మీద రుద్దడానికి ఆ చెంచా. రెంటికీ మధ్య ప్లైవుడ్ గోడ.

"గట్టిగా నొక్కుతున్నట్టున్నారు అక్కా," అన్నాడు అరుణ్‌కుమార్. పొద్దున్నే హైదరాబాదు నుంచి దిగిన డిజైనరు. "ఇది ఖరీదైన షీటు. మెల్లగా పట్టుకోవాలి."

"నొక్కుడు కాదు సార్. కాగితం అడ్డంగ కోసిండ్రు. ఈనెకు అడ్డం మలిస్తె బీడీల తునికాకు గూడ పగుల్తది."

"కాగితానికి ఈనె ఎక్కడిది రూతమ్మా?" లక్ష్మీరాజం నవ్వాడు. "చెట్టుకు కాసిందా ఏంది?"

రూత్ చెత్తలోంచి అదే షీటు ముక్క తీసి నిలువునా చింపింది. గీత గీసినట్టు తిన్నగా చిరిగింది. అడ్డంగా చింపింది. వంకరటింకరగా, పళ్లు పళ్లుగా చిరిగింది. రెండూ టేబుల్ మీద పక్కపక్కనే పెట్టింది. అరుణ్‌కుమార్ వాటిని చూశాడు, ఫోన్ చూశాడు, మళ్లీ వాటిని చూశాడు.

"సేటూ, షీట్లు నిలువుగా కోయిద్దాం," అన్నాడు తానే కనిపెట్టినట్టు.

మడత గొడవ అట్లా తీరింది కానీ అసలు గొడవ తీరలేదు. బీబీపేట నుంచి వచ్చిన ఆర్డరు అది, మూడు వందల కార్డులు. కార్డు తెరవగానే లోపలి నుంచి పెళ్లిమండపం లేచి నిలబడాలి. అరుణ్‌కుమార్ కంప్యూటర్లో గీసి, మెషిన్ మీద కోసి తెచ్చిన మండపం లేచేది కానీ నిలబడేది కాదు. ఎడమ స్తంభాలు ముందు లేస్తే కుడివి ఆలోచించుకుని లేచేవి. పైకప్పు ఒక పక్కకు వాలిపోయేది.

"పొద్దుగాల్నే తాగొచ్చినోని లెక్క ఉన్నదయ్యా నీ మండపం," అన్నాడు లక్ష్మీరాజం. "ఇందుల పెండ్లి చేస్తె పిల్లగాడు పిల్ల మీద పడుతడు."

సాయంత్రం దాకా కుస్తీ పట్టి, రెండ్రోజుల్లో వస్తానని చెప్పి అరుణ్‌కుమార్ వెళ్లిపోయాడు. రూత్ పగిలిన మూడు కార్డులూ, కొన్ని షీటు ముక్కలూ సంచిలో వేసుకుంది. ఎవరూ అడగలేదు. చెత్త తీసుకుపోతే ఎవరడుగుతారు?

ఎల్లారెడ్డి బస్సులో కిటికీ సీటు దొరికింది. ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చేతిలో పట్టుకుని, ఆ టికెట్‌ని కూడా మడుస్తూ కూర్చుంది. ముందుకు, వెనక్కు, ముందుకు, వెనక్కు. రోడ్డుకి ఒక పక్కంతా వడ్లు ఎండబోశారు. సగం దారి దాటాక ఆకాశం నల్లబడింది, నాలుగు చినుకులు పడ్డాయి, అంతే, రోడ్డు మీద ఉరుకులు పరుగులు. గొర్రెలమంద అడ్డమొచ్చి బస్సు ఆగింది. కిటికీకి ఎదురుగా నలుగురు ఒక పెద్ద నీలం టార్పాలిన్ పట్టుకుని వడ్ల కుప్ప మీద కప్పబోతున్నారు. మడతలు మడతలుగా నేల మీద పడివుంది అది.

"ఒక్కసారే గుంజాలె! ఒకలు ముందు ఒకలు ఎన్క గుంజితె గాలికి పోతది!" అని అరిచింది ఒకామె. "ఆఁ, ఇప్పుడు!"

నలుగురూ నాలుగు మూలలు పట్టి ఒక్కసారే బయటికి గుంజారు. మడతలన్నీ విప్పుకుని టార్పాలిన్ మధ్యలో ఇంత ఎత్తున లేచింది. ఒక్క క్షణం. పందిరిలా. నాలుగు వైపులా సమానంగా.

రూత్ కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది. స్తంభాలను లేపడం కాదు చేయాల్సింది! అరుణ్‌కుమార్ స్తంభాలను కింది నుంచి నెడుతున్నాడు. నెట్టకూడదు. మూలల నుంచి గుంజాలి. నాలుగూ ఒక్కసారే. కార్డు తెరిచేవాళ్లు ఎట్లాగూ రెండు అట్టలూ రెండు వైపులా లాగుతారు కదా, ఆ లాగుడునే పట్టుకోవాలి. పక్క సీటులో ఉన్నామెకు చెప్పాలనిపించింది. ఆమె నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

ఎల్లారెడ్డిలో చర్చి వెనక సందులో ఒక్క గది ఇల్లు. తాళం తీసి, లైటు వేసి, కుక్కర్ పెట్టి, కుక్కర్ కూతలు లెక్కపెట్టడం మర్చిపోయి కూర్చుంది. పైకప్పును విసనకర్రలా ముడతలుగా మడిచింది. దాని నాలుగు కొసలకు నాలుగు సన్నటి పట్టీలు అంటించి, వాటి రెండో కొసలు కార్డు నాలుగు మూలల్లో అతికించింది. వాళ్లమ్మ బీడీలు చుట్టేటప్పుడు కొసను గోటితో లోపలికి నొక్కేది. ఆ నొక్కుడు రూత్ వేళ్లకూ వచ్చు. అంత చిన్నచోట మడత పడాలంటే చెంచా పనికిరాదు, గోరే.

మొదటిది చినిగింది. రెండోది తెరుచుకుంది కానీ మూసుకోలేదు. మూడోది మూసుకున్నాక ఒక పట్టీ కొస బయటికి కనిపించింది, నాలుక బయటపెట్టినట్టు. పట్టీని గోరంత కురచ చేసింది.

నాలుగోది తెరవగానే మండపం లేచింది.

నాలుగు స్తంభాలు, ముడతలు విప్పుకున్న కప్పు, అన్నీ ఒక్కసారే. చప్పుడు లేదు. ఊపిరి పీల్చినట్టు లేచింది, మూస్తే ఊపిరి వదిలినట్టు పడుకుంది. రూత్ పదిసార్లు తెరిచింది, పదిసార్లు మూసింది. పక్కింట్లో టీవీ సీరియల్ నడుస్తోంది, ఎవరో గట్టిగా ఏడుస్తున్నారు అందులో. తలుపు తీసుకుని వెళ్లి చూపించవచ్చు. వెళ్లి ఏమని చెప్పాలి? ఇంత వయసొచ్చి కాగితాలతో ఆడుతున్నానని చెప్పాలా?

పదేళ్లుగా కార్డులు మడుస్తోంది. తను మడిచిన కార్డు ఎవరైనా తెరవడం ఒక్కసారి కూడా చూడలేదు. తెరిచేవాళ్లు ఎక్కడో ఉంటారు, వాళ్ల ఇళ్లల్లో, వాళ్ల వాకిళ్లలో. మామూలు కార్డులప్పుడు ఆ సంగతి తట్టనే లేదు. కానీ ఇది వేరు. లోపల ఒకటి దాక్కుని ఉంది. దాన్ని చూసి ఒక మొహం మారాలి, ఆ మొహాన్ని తను చూడాలి, ఒక్కటంటే ఒక్క మొహం. అంతే కావాలనిపించింది.

కళ్లు మూసుకుని, కార్డు తెరిచి, తెలియనిదానిలా కళ్లు తెరిచి చూసుకుంది. లాభం లేదు. ఏ మడత ఎప్పుడు విప్పుకుంటుందో వేళ్లకు ముందే తెలుసు.

తెల్లారి షాపు తెరిచేసరికే వెళ్లి నిలబడింది. "సేటూ, ఒకటి చూడుండ్రి" అని కార్డు చేతిలో పెట్టింది. పెట్టి ఆయన మొహం వైపే చూసింది, రెప్ప వేయకుండా. లక్ష్మీరాజం తెరవబోయాడు. సరిగ్గా అప్పుడే ముందు గది నుంచి "లక్ష్మీరాజం ఉన్నడా?" అని పిలుపు. బీబీపేటవాళ్లే. పెళ్లికూతురి తల్లి రాజమణి, పెదనాన్న గంగారాం. కార్డు పట్టుకుని ఆయన అటే వెళ్లిపోయాడు. తలుపు వాల్చాడు.

రూత్ ప్లైవుడ్ గోడకు చెవి ఆనించింది.

"అబ్బో!" అంది ఆడగొంతు. "ఎంత మంచిగ లేసిందే! బావా, చూసినవా?"

"ఎవలు చేసిండ్రయ్యా?" అంది మగగొంతు.

"మనదగ్గర డిజైనర్ ఉన్నడు పటేలా, హైదరాబాద్. అరుణ్‌కుమార్ అని. మస్తు తెలివిగల్లోడు."

ప్లైవుడ్ గోడలో మేకు పడిన చోట ఒక బెజ్జం ఉంది. రూత్ దాంట్లోంచి చూసింది. లక్ష్మీరాజం వీపు కనిపించింది, నీలం చొక్కా. ఇంకేమీ కనిపించలేదు.

వాళ్లు వెళ్లాక ఆయన లోపలికి వచ్చి, "గిదే ఖాయం చేసిండ్రు రూతమ్మా. నాలుగొద్దులల్ల మూడు వందలు కావాలె," అన్నాడు. ఆమె నిలబడే ఉండటం చూసి, "హైదరాబాద్ పేరు చెప్తెనే గిరాకీ ఆగుతది. నీకు తెల్వందేమున్నది," అని నెత్తి గోక్కున్నాడు. "చాయ్ చెప్పాల్నా?"

చాయ్ వచ్చింది. చల్లారిపోయింది. రూత్ మూడు వందల మండపాలు మడిచింది. మొదటి రోజు చూపుడువేలి గోరు అరిగింది, రెండో రోజు బొటనవేలికి బట్ట చుట్టుకుంది. మధ్యలో అరుణ్‌కుమార్ వచ్చి ఒక కార్డు తెరిచి చూసి, ఫోటో తీసుకుని, "బాగా కుదిరింది అక్కా, నేను కూడా ఇట్లనే అనుకున్నా," అని వెళ్లాడు. అతను తెరిచినప్పుడు ఆమె గమ్ కలుపుతోంది. తల ఎత్తేసరికి ఫోన్ అడ్డంగా ఉంది, మొహం కనిపించలేదు. నాలుగో రోజు సాయంత్రం కార్డుల పెట్టెలు బీబీపేట ఆటో ఎక్కాయి.

ఒక్క రోజు గడిచింది. ఆ మర్నాడు మధ్యాహ్నం లక్ష్మీరాజం ఫోన్ చెవి నుంచి తీయకుండానే వెనక గదిలోకి వచ్చాడు.

"ఏం చేసినవే నువ్వు? కార్డులు తెరుసుకుంటలేవంట! తెరిస్తె చినుగుతున్నయంట! మండపం సగం లేసి సగం పండుకున్నదంట! పెండ్లికార్డుల మండపం కూలుడంటే ఎంత అపశకునం? నన్ను కోస్తున్నరు ఆడ!"

"నేను చేసిన్నా సేటూ?" అంది రూత్ మెల్లగా.

"మరెవలు చేసిండ్రు? నువ్వు చేసిందే గద!"

పొద్దున దాకా అరుణ్‌కుమార్ చేసిన కార్డు మధ్యాహ్నానికి రూత్ చేసిన కార్డయింది. ఒక ఫోటో వచ్చింది ఫోన్లో, ఆయన చూపించాడు. విరిగిన మండపం. దాని మూల మీద పసుపు ముద్ద.

పసుపు! రూత్ నుదురు కొట్టుకుంది. పిలుపులకు పోయే ముందు కార్డు నాలుగు మూలలకూ తడి పసుపు పెడతారు వీళ్లు. ఆ తడి అట్టలోకి ఇంకి, మూలల్లో ఉన్న పట్టీలను అవతలి అట్టకు అతికించేసింది, ఎండి గట్టిపడింది. తను చిన్నప్పటి నుంచి చూసిన పెళ్లికార్డులు చర్చివాళ్లవి. వాటికి మూలలు ఉత్తగా ఉంటాయి. పదేళ్లు హిందువుల కార్డులు మడిచి కూడా, పసుపు ఈ గది దాటాక పడేది కాబట్టి, ఒక్కసారి కూడా ఆమెకు తట్టలేదు. ఇంట్లో ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేసిన లక్ష్మీరాజానికీ తట్టలేదు. కానీ ఆ మాట అనే ధైర్యం ఎవరికుంది?

"ఎల్లుండి మంచిరోజంట, పంచుడు మొదలు వెట్టాలంట," అన్నాడాయన. "పసుపు పెట్టినయి ఒక కట్టే. మిగిలినయన్న రేపు పొద్దుగాల్నే ఆడికే పోయి సరిచేసి రా. ఇగో, నువ్వు చేసినవని మాత్రం అనకు. ప్రెస్సు నుంచి వచ్చిన అను. గంతే."

బీబీపేటలో పెద్ద ఇల్లే. వసారాలో చాప వేశారు. రూత్ కత్తెర, గమ్, కోసి తెచ్చిన పట్టీలు పరుచుకుని కూర్చుంది. పట్టీ అడుగును మూల నుంచి బొటనవేలంత లోపలికి జరపాలి. జరిపితే లాగుడు తగ్గుతుంది, కప్పు పూర్తిగా విప్పుకోదు. అందుకని కప్పులో ఒక ముడత తగ్గించింది. మొదటి కార్డుకు చాలాసేపు పట్టింది, తర్వాత చేతులు పరుగెత్తాయి.

"ఏమన్న తిన్నవా చెల్లె?" అని రాజమణి అన్నం పళ్లెం తెచ్చి పెట్టింది. "నీదేం తప్పు? ఆ హైదరాబాదోనికి పసుపు సంగతి తెల్వదా? వాని ఇంట్ల పెండ్లిండ్లు కావా?"

రూత్ తల వంచుకుని తింది.

మధ్యాహ్నం దాటాక ఇంటికి చుట్టాలు రావడం మొదలైంది. సరిచేసిన కార్డులు పక్కన ఉన్నాయి కదా, వచ్చినవాళ్లంతా ఒకటి తీసుకుని తెరుస్తున్నారు. రూత్ చేతిలో కత్తెర ఆగిపోయింది. పదేళ్లలో మొదటిసారి ఒక మనిషి తన కళ్లెదుట తెరుస్తున్నాడు! గంగారాం కుర్చీలో కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, కార్డు తెరిచాడు. మండపం చప్పుడు లేకుండా లేచింది. ఆయన బొటనవేలితో దాన్ని పక్కకు అణిచిపెట్టి, వెనకనున్న అక్షరాలు చదివాడు.

"రాజమణీ! నా పేరు మూడోది ఏసిండ్రేందే? నాకంటె చిన్నోడు ముందల ఎట్లొచ్చిండు?"

"ఏదీ, మా ఆయన పేరున్నదా?" అని ఇంకొకామె తెరిచింది. పేరు ఉంది. మూసింది. పక్కామె తెరిచింది. లేదు. మొహం మారింది. రూత్ అన్ని రోజులూ ఎదురుచూసిన మొహం మార్పు అదే అయింది. మండపం మాత్రం లేస్తూ పడుకుంటూనే ఉంది, చేతులెత్తి పిలుస్తున్నట్టు. ఎవరికీ అడ్డు తప్ప అవసరం లేదు దానితో. ఒకాయనైతే దాని కింద వేలు పెట్టి పైకెత్తి, "ఈ డబ్బా ఎందుకు పెట్టిండ్రు, పేర్లు కనవడకుంట?" అన్నాడు.

రూత్ నవ్వుకుందామనుకుంది. కుదరలేదు. మళ్లీ కత్తెర పట్టుకుంది, ఇంకెవరి మొహమూ చూడలేదు. ఎండ వసారాలోంచి జారి వాకిట్లోకి పోయింది. చివరి కట్ట కూడా అయిపోయింది. కాగితం ముక్కలు ఏరి సంచిలో వేసుకుంటుంటే, లోపలి గది గడపలో ఒక పిల్ల నిలబడి ఉంది, చేతుల నుంచి ఎండిన గోరింటాకు పొట్టు రాలుతోంది. పెళ్లికూతురు పల్లవి.

"అక్కా, ఒక్కసారి ఇటు రారా?"

లోపల మంచం మీద ఒక కార్డు పరిచి ఉంది. పరిచి అంటే పూర్తిగా విప్పేసి. పట్టీలు తడిపి ఊడదీసి, స్తంభాలు విడదీసి, కప్పును చదునుగా చేసి, బోర్లా పెట్టి. ప్రతి మడత మీదా పెన్సిలుతో అంకెలు. ఒకటి, రెండు, మూడు... పదహారు దగ్గర ఆగి, ఒక ప్రశ్నార్థకం. రూత్ తన మడతల్ని అట్లా ఎప్పుడూ చూడలేదు. అరచేతిలో గీతల్లా ఉన్నాయి.

"పసుపుకు చినిగిన కార్డే. కొట్టకుండ్రి," అంది పల్లవి. "సగం లేసి ఆగింది. ఎవలో లోపల పట్టుకున్నట్టు. ఎవలు పట్టుకున్నరో చూద్దామని విప్పిన. రెండొద్దుల సంది మలుస్తున్న, మల్ల మండపం అయితలేదు. అమ్మేమో పెండ్లిపిల్లవు పక్కకు కూసోమంటది."

రూత్ పెన్సిలు అంకెల మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపింది. మూడోది తప్పు. ఏడోది కరెక్టే, కానీ తర్వాత రావాలి.

"ఇంత సన్నగ ఎట్ల మలిచిండ్రో," అంది పల్లవి. "మీకే తెల్సు గద?"

"నేను ప్రెస్సు నుంచి వచ్చిన చెల్లె. హైదరాబాద్ సారు..."

"పొద్దటి సంది కిటికీల నుంచి చూస్తున్న. మీరు కార్డు దిక్కు చూడకనే మలుస్తున్నరు. ఒక్కసారి గూడ చూడలె. చేసినోళ్లే గట్ల మలుస్తరు."

ఇంటి ముందు ఎవరో బండి ఆపారు. రాజమణి ఎవరినో కూర్చోమంటోంది. రూత్ తలుపు వైపు ఒకసారి చూసింది. లక్ష్మీరాజం నీలం చొక్కా కళ్లముందు మెదిలింది.

"నేనే చేసిన," అంది.

మంచం అంచు మీద కూర్చుంది. ఇక ఆగలేదు. టార్పాలిన్ సంగతి చెప్పింది, నెట్టుడు కాదు గుంజుడని చెప్పింది, గోటితో ఎందుకు నొక్కాలో, పట్టీ గోరంత పెద్దదైతే నాలుక ఎట్లా బయటపెడుతుందో చెప్పింది. ఇంత మాట్లాడి ఎన్నాళ్లయిందో ఆమెకే తెలియదు. పల్లవి ఆ విప్పిన కార్డునే మళ్లీ మడుస్తూ వింటోంది. మూడో మడత దగ్గర, రూత్ "గది కాదు" అనబోయేలోపే, ముందుకు మలవాల్సింది వెనక్కు మలిచేసింది. ఆపితే మళ్లీ మొదటికి రావాలి. రూత్ ఆపలేదు. పల్లవి ఏకబిగిన చివరిదాకా మడిచి, పట్టీలు అంటించి, ఊది ఆరబెట్టి, మూసింది.

"తప్పు మలిచినగా?"

"మలిచినవు."

"అయితె ఏమైతది ఇప్పుడు? లేస్తదా?"

రూత్ నోరు తెరిచింది. లేస్తుందని చెప్పబోయింది, లేవదని చెప్పబోయింది. రెండూ చెప్పలేకపోయింది. వేళ్లను అడిగింది. వేళ్లు కూడా ఏమీ చెప్పలేదు.

"మీరే తెరువుండ్రి," అని పల్లవి కార్డు ఆమె చేతిలో పెట్టింది.

రెండు అట్టలూ రెండు చేతులతో పట్టుకుంది రూత్. వసారాలోంచి "ఆటో వచ్చిందమ్మా, కామారెడ్డి పొయ్యేటిది!" అని కేక వినిపించింది. కదల్లేదు. మెల్లగా తెరిచింది. కప్పు పైకి పొంగలేదు. కిందికి గుంత పడింది, స్తంభాలు వంగి చుట్టూ వేళ్లలా లేచాయి, మధ్యలో ముడతలన్నీ కలిసి లోతుగా విప్పుకున్నాయి. దోసిలి. తలంబ్రాలు పట్టడానికి కలిపిన రెండు చేతులు. ఎవరూ గీయనిది, ఎవరూ అనుకోనిది, తన కాగితంలోంచి తనకు తెలియకుండా లేచి నిలబడింది.

"అయ్యో దేవా," అంది రూత్. అని నవ్వింది, కళ్లు నిండిపోయాయి, మూసి మళ్లీ తెరిచింది.

పల్లవి కార్డు వైపు చూడటం లేదు. మంచం మీద మోకాళ్లు మడుచుకుని కూర్చుని, ఆమె మొహమే చూస్తోంది.